ఉద్యోగాన్ని తిట్టుకునే హక్కు

మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే నలుగురైదుగురు డాక్టర్లు కలిసి నడిపే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. కాన్పులు, అపెండిసైటిస్ ఆపరేషన్లు, జ్వరాలకు సెలైన్లు. కొత్తగూడెంలో మా అమ్మ ఇప్పటికీ ఇరుగుపొరుగుతో "మా అమ్మాయి లండన్‌లో నర్సింగ్ హోమ్‌లో చేస్తోంది" అనే చెబుతుంది. నేను ఉండేది లండన్‌లో కాదు. ఇంగ్లండ్ ఈశాన్యాన, డర్హమ్ కౌంటీలో ఒక చిన్న ఊళ్లో. మా నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ థియేటర్ లేదు, నయమై ఇంటికి వెళ్లేవాళ్లు దాదాపు ఉండరు. మతిమరుపు వ్యాధి ముదిరినవాళ్లు, పక్షవాతంతో మంచం పట్టినవాళ్లు, పార్కిన్సన్స్‌తో చెంచా కూడా పట్టుకోలేనివాళ్లు తమ చివరి ఇంటికి వచ్చినట్టు ఇక్కడికి వస్తారు. రాత్రీ పగలూ రిజిస్టర్డ్ నర్సు ఉండే చోటును నర్సింగ్ హోమ్ అంటారు, నర్సు లేని చోటును రెసిడెన్షియల్ హోమ్ అంటారు, రెంటినీ కలిపి కేర్ హోమ్ అంటారు. నేను బీఎస్సీ నర్సింగ్ చదివాను. అయినా అక్కడ నర్సును కాదు, సీనియర్ కేరర్‌ను. కేరర్ అంటే ఒళ్లు తుడిచి, తినిపించి, పక్కకు తిప్పి చూసుకునే మనిషి.

ఏటా ఫిబ్రవరిలో మాకు ఒక కాగితం ఇస్తారు. సిబ్బంది అభిప్రాయ సేకరణ. పన్నెండు ప్రశ్నలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు వరకు అంకెలు. మీ పని మీకు తృప్తినిస్తోందా? పైవాళ్లు మీ మాట వింటారా? ఇక్కడ చేరమని మీ స్నేహితులకు చెబుతారా? పేరు రాయనక్కర్లేదని పైన పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కింద మాత్రం మూడు వివరాలు నింపాలి: పగటి షిఫ్టా, రాత్రి షిఫ్టా, హోదా ఏమిటి, ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారు. రాత్రి షిఫ్టులో సీనియర్ కేరర్లం ఇద్దరమే ఉన్నాం. ఒకామె ఇరవై ఏళ్లుగా ఉంది. రెండోదాన్ని నేను. కాగితం మీద పేరు లేకపోయినా అది ఎవరిదో మేనేజరుకు తెలిసిపోతుంది.

వచ్చిన మొదటి ఏడాది నుంచీ అన్ని ప్రశ్నలకూ ఐదు చుట్టూ సున్నా చుడుతూ వచ్చాను. గత ఏడాది ఫలితాలను స్టాఫ్ రూమ్ గోడకు అంటించారు. పగటివాళ్ల కంటే రాత్రివాళ్లు బాగా ఎక్కువ తృప్తితో ఉన్నట్టు రంగుల పట్టీ. మా రాత్రి షిఫ్టులో దాదాపు అందరం బయటి దేశాలవాళ్లమే: మలయాళీలు, జింబాబ్వేవాళ్లు, నైజీరియావాళ్లు, నేను. ఆ కాగితాలు నింపింది మేమే, ఎవరూ చెయ్యి పట్టుకుని రాయించలేదు. కానీ ఆ పట్టీని చూసి వలస వచ్చిన కేరర్లు సంతోషంగా ఉన్నారని ఎవరైనా అనుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకో చెప్పాలంటే మా నాన్న దగ్గర మొదలుపెట్టాలి.

మా నాన్న సింగరేణిలో ముప్పై రెండేళ్లు చేశాడు. బొగ్గు ఎత్తి నింపే కోల్ ఫిల్లర్‌గా గనిలోకి దిగినవాడు. ఆ ముప్పై రెండేళ్లలో తన ఉద్యోగం గురించి ఆయన ఒక్క మంచి మాట అనగా నేను వినలేదు. ఫస్ట్ షిఫ్టుకు చీకటితో లేస్తూ తిట్టేవాడు, నైట్ షిఫ్టు నుంచి వచ్చి బూట్లు విప్పుతూ తిట్టేవాడు. గాలి ఆడని పని స్థలాన్ని, పైకప్పుకు ఆధారాలు సరిగా పెట్టించని అధికారిని, లాభాల వాటా తక్కువిచ్చారని యాజమాన్యాన్ని, గట్టిగా అడగలేదని యూనియన్‌ను. సింగరేణిలో 1998 నుంచి గుర్తింపు సంఘాన్ని కార్మికులే రహస్య ఓటింగ్‌తో ఎన్నుకుంటున్నారు. ఆ ఎన్నికలొస్తే మా క్వార్టర్ వరండాలో నెల రోజులు అదే రభస. ఒకసారి తాను గెలిపించిన సంఘాన్ని తర్వాతిసారి ఓడించడానికి మా నాన్నే ఇల్లిల్లూ తిరిగేవాడు. సమ్మె అంటే జీతం పోయినా దిగేవాడు. తృప్తికి ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేయమని ఆయనకు కాగితం ఇచ్చి ఉంటే ఒకటి వేసేవాడు, అది కూడా వెనక పేజీలో అచ్చు పడేంత గట్టిగా నొక్కి.

చిన్నప్పుడు ఆ తిట్లు వింటే నాకు భయం వేసేది. నాన్నకు పని ఇష్టం లేదు, మానేస్తాడు, మేం ఎలా బతకాలి అని. ఇంగ్లండ్ వచ్చాక గానీ నాకు ఆ తిట్ల అర్థం తెలియలేదు. ఉద్యోగం పోదన్న ధీమా ఉంది కాబట్టే అంత గట్టిగా తిట్టాడు. అధికారిని నిలదీశాడని క్వార్టర్ ఖాళీ చేయించలేదు, పిల్లల్ని బడి మాన్పించలేదు, అరవై రోజుల్లో దేశం విడిచి పొమ్మనలేదు.

నా సంగతి వేరు. నాకు నా పని ఇష్టం. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే వలస కేరర్ల కష్టాలు రాసేవాళ్లు చాలామంది దీన్ని దాటేస్తారు. మమ్మల్ని మోసపోయినవాళ్లుగా చూపిస్తారు తప్ప పని వచ్చినవాళ్లుగా చూపించరు. మంచంలో కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే తుంటి దగ్గర, మడమల దగ్గర చర్మం చితికి పుండు పడుతుంది. మింగడం కష్టమైనవాళ్లకు టీలో చిక్కబరిచే పొడి ఎంత కలపాలో మనిషిని బట్టి మారుతుంది. పలచనైతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. హోయిస్టు అనే ఎత్తే యంత్రంలో మనిషిని లేపేటప్పుడు కింద వేసే బట్ట తొడల కింద ఎక్కడ సర్దాలి, గాలిలో ఉన్న ఆ పది సెకన్లూ ఆమె కళ్లలోకి చూస్తూ ఏం మాట్లాడాలి, ఇవన్నీ నేర్చుకోవాల్సినవే. వీటిని నేను బాగా చేస్తాను.

వచ్చిన మొదటి శీతాకాలంలో పదకొండో గదిలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఎనభై దాటిన మనిషి. ఎవరు ఒళ్లు తుడవబోయినా చెయ్యి విసిరేవాడు. జాగ్రత్త అని అందరూ చెప్పి పంపారు. చొక్కా విప్పితే వీపు మీద, ముంజేతుల మీద నీలం గీతలు కనిపించాయి. నాకు అవి ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. గాయంలోకి బొగ్గు పొడి దిగి పైన చర్మం మూసుకుపోతే అలా నీలంగా నిలిచిపోతుంది. మా నాన్న ఎడమ భుజం మీద అలాంటిదే ఒకటి ఉంది, చిన్నప్పుడు దాన్ని వేలితో తడిమేదాన్ని. "మా నాన్నది కూడా బొగ్గు గనే" అన్నాను. విసరబోయిన చెయ్యి ఆగింది. ఎంత లోతు అని అడిగాడు. అంతే, ఆ రాత్రి ఒళ్లు తుడిపించుకున్నాడు. మతిమరుపు కాబట్టి మర్నాటికి నేనెవరో తెలియదు. మళ్లీ నీలం గీతలు, మళ్లీ మా నాన్న, మళ్లీ ఎంత లోతు అన్న ప్రశ్న. ఏడాదిన్నర పాటు ప్రతి షిఫ్టులో ఆ సంభాషణ మొదటిసారిలాగే జరిగింది.

డర్హమ్‌లో ఏటా జూలైలో గనికార్మికుల ఉత్సవం జరుగుతుంది. ఇక్కడి గనులన్నీ మూతపడి దశాబ్దాలైంది, అయినా ఒక్కో గని యూనియన్ తన పెద్ద జెండాను ఎత్తుకుని బ్యాండు మేళంతో ఊరేగుతుంది. ఆ వీడియో టాబ్లెట్‌లో చూపించాను. తన గని జెండా రాగానే ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాడు. కాళ్లలో బలం లేదు, నేను పట్టుకున్నాను. 1984లో మొదలైన పెద్ద సమ్మెలో ఏడాది పాటు జీతం లేకుండా నిలబడ్డ మనిషి అని ఆయన కూతురు తర్వాత చెప్పింది. ఆ తర్వాతి వసంతంలో ఒక తెల్లవారుజామున ఆయన పోయాడు. చెయ్యి పట్టుకుని ఉన్నది నేనే, ఆఖరిసారి ఒళ్లు తుడిచిందీ నేనే. ఇక్కడి అలవాటు ప్రకారం కిటికీ కొద్దిగా తెరిచాను.

దీన్ని తృప్తి అనకపోతే ఇంకేం అనాలి? మొదటి ప్రశ్నకు నేను చుట్టిన ఐదులో అబద్ధం లేదు.

బీఎస్సీ నాలుగో ఏడాదిలో నర్సింగ్ మేనేజ్‌మెంట్ పేపర్లో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ సిద్ధాంతం వస్తుంది. ఐదు మార్కుల ప్రశ్నగా బట్టీపట్టాం. 1950ల చివర్లో ఆయన అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతంలో ఇంజనీర్లతో, అకౌంటెంట్లతో మాట్లాడి ఒక మాట తేల్చాడు: తృప్తి, అసంతృప్తి ఒకే కర్రకు రెండు కొసలు కావు. తృప్తినిచ్చేవి పని లోపలే ఉంటాయి, చేయగలిగానన్న భావన, బాధ్యత, గుర్తింపు. అసంతృప్తిని పుట్టించేవి పని చుట్టూ ఉంటాయి, జీతం, అజమాయిషీ, పని పరిస్థితులు, ఉద్యోగ భద్రత. ఒకటి నిండుగా ఉన్నంత మాత్రాన రెండోది లేదని కాదు. ఆ పరిశోధన పద్ధతి మీద తర్వాత చాలా విమర్శలు వచ్చాయి గానీ, ఈ ఒక్క మాట నర్సింగ్ హోమ్‌కు కొలతలు తీసి కుట్టినట్టు సరిపోతుంది. పదకొండో గదిలో నాకు దొరికింది ఒకటి. ఆ గది తలుపు బయట ఉన్నది వేరొకటి. మా కాగితం రెంటినీ కలిపి ఒకే అంకె అడుగుతుంది.

తలుపు బయట ఉన్నదాని గురించి చెబుతాను.

కేరర్లను బ్రిటన్ తన కొరత వృత్తుల జాబితాలో చేర్చింది 2022 ఫిబ్రవరి 15న. 2020 చివరికి యూరప్ నుంచి స్వేచ్ఛగా వచ్చి పనిచేసే దారి మూసుకుపోయింది, కోవిడ్‌లో అలసిపోయినవాళ్లు మానేశారు, సూపర్‌మార్కెట్లు ఇంతకంటే మెరుగైన జీతం ఇస్తున్నాయి. 2021-22లో ఇంగ్లండ్‌లో ఈ రంగంలో 165,000 ఖాళీలు ఉన్నాయి. వాటిని నింపడానికి వీసా తలుపు తెరిచారు. మన ప్రాంతానికి దీనితో ఇంకో పాత లెక్క ఉంది. 2000ల్లో బ్రిటన్ ఆరోగ్య శాఖ నియమావళిలో, భారతదేశం నుంచి నర్సులను తీసుకోవచ్చు గానీ బ్రిటన్ అభివృద్ధి సాయం అందుకుంటున్న ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్, ఒరిస్సా, పశ్చిమ బెంగాల్ నుంచి తీసుకోకూడదని ఉండేది. అప్పటికి కొత్తగూడెం ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. మా సీనియర్లు కేరళ అమ్మాయిలు వెళ్తుంటే చూస్తూ ఉండిపోయారు. మా తరానికి తలుపు తెరుచుకుందంటే పరుగెత్తాం.

పరుగెత్తడానికి ఇంకో కారణం మన ఆసుపత్రులే. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐదేళ్లు చేశాక నా జీతం నెలకు 14,000 రూపాయలు. ప్రైవేటు నర్సుల జీతాల మీద సుప్రీంకోర్టు ఆదేశంతో వేసిన కమిటీ 2016లోనే యాభై పడకలకు లోపు ఉన్న చిన్న ఆసుపత్రిలో కూడా 20,000 కంటే తగ్గకూడదని సిఫార్సు చేసింది. నేను చేసింది అంతకు ఎన్నో రెట్లు పెద్ద ఆసుపత్రి. అలాంటి చోటు నుంచి వచ్చినవాళ్లను గంటకు 10.10 పౌండ్ల ఉద్యోగంలో పెట్టి తృప్తిగా ఉందా అంటే ఏమంటాం? అప్పటి వీసా నిబంధనల ప్రకారం గంటకు కనీసం ఇవ్వాల్సింది అంతే. పక్కన పనిచేసే ఇంగ్లిషు ఆవిడ ఆ డబ్బును తన ఊరి సూపర్‌మార్కెట్‌తో పోలుస్తుంది. నేను హైదరాబాద్ జీతంతో పోలుస్తాను. మేమిద్దరం వేసే అంకెలు ఒకే ఉద్యోగం గురించి అనుకోవడం తప్పు. నా ఐదులో నన్ను పోషించని నా పాత ఆసుపత్రికి కూడా వాటా ఉంది.

ఇక అప్పు. ఏజెంటుకు పన్నెండు లక్షలు కట్టాను. పని వెతికిపెట్టినందుకు కార్మికుల దగ్గర ఏజెన్సీలు డబ్బు తీసుకోవడం బ్రిటన్‌లో 1973 చట్టం ప్రకారమే నేరం. మన దేశంలో రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు అభ్యర్థి దగ్గర తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఈ రెండు సంగతులూ నాకు ఇక్కడికి వచ్చాక తెలిశాయి. నూటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున నెలకు 24,000 వడ్డీకే పోయేది. అంటే నా పాత జీతమంతా పెట్టినా వడ్డీ కూడా తీరదు. వెనక్కి వెళ్లడం అన్న దారి లెక్క ప్రకారమే మూసుకుపోయింది. అప్పు తీరేదాకా ఈ ఉద్యోగం నాకు నచ్చి తీరాలి.

వీసా నా పేరు మీద ఉన్నా దాని తాళంచెవి యజమాని చేతిలో ఉంటుంది. నేను పనిచేసే సంస్థే నాకు స్పాన్సర్, అంటే నా వీసాకు పూచీపడేది. వాళ్లు స్పాన్సర్‌షిప్ మానుకున్నా, విదేశీయులను పనికి తెచ్చుకునే వాళ్ల లైసెన్సును ప్రభుత్వం రద్దు చేసినా నా వీసా గడువును కుదించి సాధారణంగా 60 రోజులిస్తారు. ఆలోగా ఇంకో స్పాన్సర్‌ను వెతుక్కోవాలి, మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి, లేకపోతే వెళ్లిపోవాలి. ప్రభుత్వ సాయమేదీ అడగడానికి వీల్లేదు. 2022 జూలై నుంచి 2024 డిసెంబరు మధ్య కేర్ రంగంలో 470కి పైగా లైసెన్సులు రద్దయ్యాయి. వాటి కింద ఉన్న కార్మికులు 39,000 మందికి పైనే. ఆ యజమానుల్లో అసలు మోసగాళ్లూ ఉన్నారు. వలస వ్యవహారాల తనిఖీ అధికారిగా ఉండగా డేవిడ్ నీల్ ఇచ్చిన నివేదిక 2024 మార్చిలో బయటికి వచ్చింది: ఎక్కడా లేని ఒక కేర్ హోమ్‌కు 275 స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్లు ఇచ్చారట. మోసం చేసినవాడి లైసెన్సు పోవాల్సిందే. కానీ ఆ శిక్ష ముందుగా తగిలేది మోసపోయినవాళ్లకు. అందువల్ల హోమ్‌లో తప్పు జరుగుతోందని ఫిర్యాదు చేయబోయే వలస కేరర్ తన ఇంటి దూలాన్ని తానే కోస్తున్నట్టు లెక్క. తనదే కాదు, తనతో పనిచేసే ఇరవై మందిది కూడా.

ఇప్పుడు మా పగటి షిఫ్టులోని ఇంగ్లిషు ఆవిడ గురించి. ముప్పై ఏళ్లుగా అక్కడే ఉంది. మా నాన్నలాగే పొద్దున కోటు విప్పుతూ మొదలుపెడుతుంది. టీ చల్లగా ఉంది, రోటా, అంటే డ్యూటీల పట్టిక, అన్యాయంగా ఉంది, గ్లౌజులు చవకబారువి తెచ్చారు, మేనేజరుకు పని తెలియదు. మొదట్లో మేమంతా ఆమెకు దూరంగా ఉండేవాళ్లం. ఇంత మంచి ఉద్యోగాన్ని ఇలా అంటుందేమిటని నేను మనసులో తప్పుబట్టాను కూడా. ఒకసారి రెండో అంతస్తు హోయిస్టు చక్రం బిగుసుకుపోయింది. రాత్రివాళ్లం మూడు వారాలు దాన్ని అలాగే ఈడ్చుకుంటూ వాడాం, నడుములు పట్టేశాయి. ఆమె సెలవు నుంచి తిరిగి వచ్చిన రోజు ఒక్కసారి లాగి చూసి, నేరుగా ఆఫీసులోకి వెళ్లి, ఇది బాగయ్యేదాకా నేను మనిషిని లేపను అంది. రెండు రోజుల్లో కొత్త చక్రాలు వచ్చాయి. ఆమె కాగితంలో ఏ అంకెలు ఉంటాయో నాకు తెలుసు. మా రెసిడెంట్లకు, అంటే హోమ్‌లో ఉండే పెద్దవాళ్లకు, మేలు చేసింది ఆ తక్కువ అంకెలే, నా ఐదులు కాదు.

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఒక రాత్రి. ఆ రాత్రి ముగ్గురం ఉండాల్సిన కేరర్లం ఇద్దరమే ఉన్నాం. ఒకామె జ్వరమని ఫోన్ చేసింది, ఆమె బదులు ఏజెన్సీ నుంచి ఎవరినీ పిలవలేదు. ఇంగ్లండ్‌లో ఇంతమంది వృద్ధులకు ఇంతమంది సిబ్బంది అని చట్టంలో అంకె లేదు, "తగినంత మంది" అని మాత్రం ఉంది. కింది అంతస్తులో ఒకాయన ఆఖరి ఘడియల్లో ఉన్నాడు, నర్సు, మేమిద్దరం అక్కడే ఉన్నాం. ఇరవై రెండో గది గంట మోగుతూనే ఉంది. ఆమెను లేపాలంటే ఇద్దరు కావాలి. మేం వెళ్లేసరికి నలభై నిమిషాలు దాటింది. ఒకప్పుడు బడిలో వంట చేసిన ఆవిడ, నాలుగు వందల మంది పిల్లలకు వడ్డించిన మనిషి. తడిసిన పక్క మీద వణుకుతూ ఉంది. మమ్మల్ని చూసి ఆమె అన్న మొదటి మాట, "శ్రమ ఇచ్చాను, క్షమించండి."

పొద్దున షిఫ్టు అప్పగించేటప్పుడు సిబ్బంది చాలలేదని రాయడానికి ఒక ఫారం ఉంటుంది. నేను దాన్ని నింపలేదు. "రాత్రి ప్రశాంతంగా గడిచింది" అని పుస్తకంలో రాశాను. నా వీసా పొడిగింపుకు యజమాని ఇవ్వాల్సిన సర్టిఫికెట్ ఆ నెలలోనే రావాలి. మా అబ్బాయి అప్పుడే బడిలో చేరాడు. కారణాలు ఇవి. కారణాలు ఉన్నంత మాత్రాన ఆ పక్క ఆరిపోలేదు. మరుసటి ఫిబ్రవరిలో "రెసిడెంట్ల అవసరాలకు తగినంత మంది సిబ్బంది ఉంటున్నారా?" అన్న ఏడో ప్రశ్నకు నేను ఐదు చుట్టాను. స్టాఫ్ రూమ్ గోడ మీది పట్టీలో ఆ ఐదు కూడా ఉంది.

వలస కేరర్ల తృప్తిని కొలిచి మురిసిపోయేవాళ్లు ఆ గది చూడాలి. విదేశాల నుంచి తెచ్చుకున్నవాళ్లు స్థానికుల కంటే తక్కువగా మానేస్తున్నారని ఇక్కడి లెక్కలు చెబుతున్నాయి. దాన్ని విశ్వాసం అంటారు, నిబద్ధత అంటారు. తలుపుకు గడియ పెట్టి, లోపలివాళ్లు బయటికి రాలేదు కాబట్టి ఇల్లు నచ్చిందనడం ఏ రకం తర్కం? మానేయగలిగిన మనిషి మానేయకుండా ఉంటే దానికి అర్థం ఉంది. మా నాన్న మానేయలేదు. పదకొండో గది పెద్దాయన ఏడాది సమ్మె చేసి కూడా మళ్లీ గనిలోకే దిగాడు. వాళ్లు ఉండిపోవడంలో ఒక మాట ఉంది. నేను ఉండిపోవడంలో ఉన్నది నా మాటో, 60 రోజుల గడువు మాటో నాకే తెలియదు.

ఇష్టపడే కదా వచ్చావు, అక్కడి కంటే బాగానే ఉంది కదా అని మన వాళ్లే అంటారు. అవును, ఇష్టపడే వచ్చాను. అవును, హైదరాబాద్ కంటే డబ్బు ఎక్కువ. కానీ నాకంటే కష్టం పడేవాళ్లు ఉన్నారన్నది నా నోరు మూయడానికి కారణం కాకూడదు. పైగా ఈ మాట అనేవాళ్లకు నేను ఏం పోగొట్టుకున్నానో కనపడదు. ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్న రోగుల్ని చూసుకున్న చేతులివి. ఇక్కడ ఇన్సులిన్ వేయాలన్నా నర్సును పిలవాలి. నర్సుగా నమోదు కావాలంటే ఇంగ్లిషు పరీక్ష, కంప్యూటర్ పరీక్ష, ఆ తర్వాత ప్రాక్టికల్ పరీక్ష. వారానికి నాలుగు పన్నెండు గంటల రాత్రులు చేసి, పగలు బిడ్డను చూసుకుంటూ వాటికి చదవాలి. నాతో వచ్చిన మలయాళీ అమ్మాయి సాధించింది, నేను ఇంకా ప్రయత్నంలోనే ఉన్నాను. 2024 మార్చి 11 తర్వాత వచ్చిన కేరర్లకు ఈ పాటి బతుకు కూడా లేదు, భర్తనూ పిల్లలనూ తెచ్చుకునే వీలే తీసేశారు. మా జింబాబ్వే సహోద్యోగి తన రెండేళ్ల కూతురికి వీడియోలో జోలపాట పాడి డ్యూటీకి వస్తుంది. వచ్చి ఇక్కడి పెద్దావిడకు దుప్పటి కప్పి అదే పాట పాడుతుంది.

దీనికి మందు లేకపోలేదు. వీసాను ఒక్క యజమానికి కాకుండా మొత్తం రంగానికి ముడిపెడితే సగం భయం పోతుంది. చెడ్డ హోమ్ వదిలి మంచి హోమ్‌కు వెళ్లగలిగితే చెడ్డ హోమ్ తనంతట తానే మారాలి. యూనిసన్ లాంటి కార్మిక సంఘాలు ఈ మాటే అడుగుతున్నాయి. ప్రభుత్వం మాత్రం ఎదురు దిక్కుకు నడిచింది. 2025 జూలై 22 నుంచి విదేశాల నుంచి కొత్త కేరర్లను తీసుకోవడం ఆపేసింది. అదే ఏడాది నవంబరులో, ఇప్పటికే వచ్చినవాళ్లకు శాశ్వత నివాసానికి పట్టే ఐదేళ్లను పదిహేనేళ్లకు పెంచాలని ప్రతిపాదించింది. పదిహేనేళ్లు ప్రతి ఫిబ్రవరీ ఐదు చుట్టాలన్నమాట.

బ్రిటన్ తలుపు మూసుకుంది కాబట్టి మన దగ్గర ఇప్పుడు జర్మనీ మాట వినిపిస్తోంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకు భాష నేర్పించి జర్మనీకీ జపాన్‌కూ పంపుతోంది. వెళ్లండి, వద్దని నేను అనను. మా పిన్ని కూతురు మొన్న ఫోన్ చేసి "అక్కా, అక్కడ బాగుంటుందా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నాలాంటివాళ్లం చెప్పే జవాబును నమ్మవద్దన్నాను. అప్పుల్లో ఉన్న ప్రతివాళ్లూ బాగుందనే చెబుతారు. జీతం ఎంత అని అడిగే ముందు, ఈ యజమాని నచ్చకపోతే ఇంకో యజమాని దగ్గరికి ఎన్నాళ్లలో మారవచ్చు, మధ్యలో వీసా ఏమవుతుంది అని అడగమన్నాను. మానేస్తే కట్టాల్సిన జరిమానా ఏదైనా ఒప్పందంలో ఉందేమో ప్రతి పేజీ చదవమన్నాను. వడ్డీకి తెచ్చిన డబ్బుతో మాత్రం రావద్దని, దీని మీద కోప్పడ్డాను కూడా.

నా వీసా పొడిగించారు. అప్పులో చివరి వాయిదా దసరాకు తీరింది. ఈ ఫిబ్రవరిలో కాగితాలు వచ్చినప్పుడు రాత్రి షిఫ్టులో ఐదుగురం తెల్లవారుజామున వంటగదిలో కూర్చుని మాట్లాడుకున్నాం. అందరం యూనియన్‌లో చేరాం. మొదటి ప్రశ్నకు ఐదే చుట్టాను. పదకొండో గది పెద్దాయన కోసం దాన్ని తగ్గించలేను. ఏడో ప్రశ్నకు ఒకటి వేసి, కింద ఖాళీలో ఆ రాత్రి తేదీ, గంట మోగిన సమయం, మేం వెళ్లిన సమయం రాశాను. తర్వాత నా పేరు కూడా రాశాను.

ఆదివారం నాన్నకు ఫోన్‌లో చెప్పాను. కాసేపు దగ్గాడు. "మిగతావాళ్లు కూడా రాశారా బిడ్డా?" అని అడిగాడు. రాశారన్నాను, ఐదుగురం. "ఐదుగురంటే పర్వాలేదు" అన్నాడు.

వచ్చే నెల రోటా శుక్రవారం పెడతారు. రాత్రి షిఫ్టులో నాలుగో కేరర్ పేరు ఉంటుందేమో చూడాలి.